కాన్సాస్ మెన్నోనైట్లు: రాయి పోయింది, రొట్టె నిలిచింది

అందరికీ నమస్కారం. జడ్చర్ల ఎం.బి. ఆసుపత్రి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఎం.బి. అంటే మెన్నోనైట్ బ్రదరెన్, మెన్నోనైట్లనే క్రైస్తవుల్లో ఒక శాఖ. ఆ శాఖ 1860లో పుట్టింది ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న మొలోచ్నా పల్లెల్లో. అవే పల్లెల నుంచి అమెరికా వెళ్లిన రైతుల సంగతి ఈ పూట చూద్దాం.

ఆయుధం పట్టకపోవడం మెన్నోనైట్ల మతనియమం. సైన్యంలో చేరనక్కర్లేదన్న మినహాయింపును అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలిన రష్యా ఎత్తేస్తుందని 1870ల మొదట్లో తేలిపోయింది. ఆ పల్లెల్లో ఒకటైన అలెగ్జాండర్‌వోల్ అయితే 1874లో దాదాపు ఊరంతా కదిలి అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం చేరి, శాంటా ఫే రైల్వే దగ్గర భూములు కొంది.

మొదట పాత పద్ధతిలోనే ఒకే వీధిలో ఇళ్లు వేసుకుని, పొలాన్ని పొడవాటి పట్టీలుగా పంచుకున్నారు. అది సాగలేదు. అక్కడి సర్వే నేలను మైలు చదరాలుగా కోసింది, ఎవరి చెక్కలో వాళ్లు ఇల్లు కట్టుకున్నారు.

నూర్పిడికి పళ్లు చెక్కిన సున్నపురాతి గుండు చేయించుకున్నారు. కళ్లంలో పరిచిన పనల మీద గుర్రాలతో లాగిస్తే గింజ రాలుతుంది, మన కళ్లాల్లో ఎడ్లతో బంతి తిప్పినట్టే. నూర్పిడి యంత్రాలు రాగానే ఆ గుండ్లు పెరట్లో పడ్డాయి, ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాయి.

టర్కీ రెడ్ అనే గట్టి రకం గోధుమ మాత్రం నిలదొక్కుకుంది. శరదృతువులో విత్తితే చలికాలమంతా మొలక మంచు కింద ఓర్చుకుని, ఎండలు ముదిరేలోపే కోతకొస్తుంది. చిక్కల్లా మరలో వచ్చింది. మెత్తటి గోధుమకు పెట్టిన తిరగళ్లలో ఈ గట్టి గింజ నలగక పిండి వేడెక్కేది, తవుడు పొడైపోయి అందులో కలిసేది. ఉక్కు రోలర్ మరలు వచ్చాకే దీనికి గిరాకీ పెరిగింది. వలస వస్తూ పిల్లలు ఏరి పెట్టెల్లో తెచ్చిన గింజలే కాన్సాస్‌ను మార్చాయంటారు; కథ బాగుంది, కానీ 1880 దశకంలో మెన్నోనైట్ మర యజమాని బెర్నార్డ్ వార్కెంటిన్ తెప్పించిన విత్తనం పాత్ర తక్కువది కాదు.

అన్నిటికన్నా గట్టిగా నిలిచింది స్వీబాక్, జంట బన్ను. కిలో పిండికి అర లీటరు పాలు, పావు కిలో వెన్న, ఉప్పు, ఈస్ట్. రెట్టింపు పొంగాక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని నొక్కి ఉండలు తెంచి, పెద్దదాని మీద చిన్నది పెడతారు. పైనుంచి బొటనవేలు ట్రేకి తగిలేదాకా దించాలి. పైపైన అద్దితే పొయ్యిలో తల ఒరిగి రాలిపోతుంది. పిండి జారైనా అంతే. రెండోసారి పొంగనిచ్చి, 200 డిగ్రీల్లో 15–20 నిమిషాలు కాల్చాలి. ప్రయాణానికైతే మళ్లీ సన్నసెగన లోపలిదాకా పెళుసెక్కేలా ఎండబెట్టేవారు. నడుమ తడి మిగిలితే ఓడ దిగేలోపే బూజు పట్టేది.