ఫోన్ చెవి మారిన రోజు

అధ్యక్షులకు, ఈఎన్‌టీ డాక్టరు గారికి, తోటి పెన్షనర్లకు నమస్కారం. మార్చి 3 ప్రపంచ వినికిడి దినం, చెవుల సంరక్షణ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ పొద్దున బయల్దేరేటప్పుడు మా ఆవిడ "నా సంగతి చెప్పండి" అంది. అందుకని కాగితం జేబులోనే ఉంచేస్తున్నాను.

2011లో ఆమె ఫోన్ ఎడమ చెవి నుంచి కుడి చెవికి మార్చింది. "ఈ చెవిలో గొంతు వినిపిస్తోంది గానీ ఏమంటున్నారో తెలియడం లేదు" అంది. దాంతోపాటు లోపల గుయ్‌మని మోత. ఆస్పత్రికి తీసుకెళ్తే గులిమి అన్నారు. తీసి, చుక్కలు రాశారు. మరుసటి ఏడాది వయసు అన్నారు. చీకట్లో గోడ పట్టుకుని నడవడం మొదలుపెడితే బీపీ అన్నారు. మూడేళ్ళు! వినికిడి పరీక్ష చేయించమని ఒక్కరూ అనలేదు.

ఒక్క నిమిషం, అందరూ ఒక చెవిని వేలితో మూసి "మ్‌మ్" అనండి. అనండి, సిగ్గుపడకండి. మోత ఏ వైపు వినిపిస్తోంది? మూసిన వైపే కదా! గులిమి అడ్డుపడ్డా అంతే. నరం దెబ్బతింటే మాత్రం శబ్దం బాగున్న చెవి వైపు పోతుంది. నుదుటి మీద శ్రుతిదండం, అదే ట్యూనింగ్ ఫోర్కు, మోగించి పెట్టి డాక్టర్లు చూసేది ఇదే. పరీక్షకు బదులు కాదు గానీ, అరనిమిషం పని. నేను సైన్సు టీచర్ని. మా స్కూలు ల్యాబులో ఆ దండం ముప్ఫై ఏళ్ళు నా చేతిలో ఉంది. నాకూ తట్టలేదు. ఆ బాధ పోదు.

చివరికి హైదరాబాదులో ఎమ్మారై తీస్తే వెస్టిబ్యులర్ ష్వానోమా అన్నారు. పాత పేరు అకూస్టిక్ న్యూరోమా. వినికిడినీ ఒంటి నిలకడనూ చూసుకునే ఎనిమిదో కపాల నరం మీది పొర పెరిగి గడ్డ కడుతుంది. క్యాన్సర్ కాదు, ఒళ్ళంతా పాకదు. కానీ అది పుట్టే చోటు ఇరుకు ఎముక గొట్టం. ముఖాన్ని కదిపే నరం కూడా అందులోంచే వెళ్తుంది. చాలావరకు ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లే పెరుగుతుంది, కొన్ని అసలు పెరగవు. చిన్నగా ఉండగా దొరికితే అప్పుడప్పుడు ఎమ్మారై తీస్తూ కనిపెట్టుకోవచ్చు, కోత లేకుండా గడ్డకే గురిపెట్టే గామా నైఫ్ రేడియేషన్ ఇవ్వచ్చు. మాది దొరికేసరికి మూడు సెంటీమీటర్లు. మెదడు కాండాన్ని నొక్కుతోంది. ఆపరేషన్ తప్పలేదు.

అమెరికాలో హార్వీ కుషింగ్ అనే మెదడు సర్జన్ 1917లోనే ఈ గడ్డల మీద పుస్తకం రాశాడు. కథ చెవితోనే మొదలవుతుందని అప్పుడే చెప్పాడు. వందేళ్ళ నాటి మాట మా ఊరి ఆస్పత్రికి చేరలేదా?

గడ్డ పోయింది, ప్రాణం దక్కింది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. ముఖాన్ని కదిపే నరం దెబ్బతిని ఆ వైపు కన్ను సరిగ్గా మూతపడదు. రాత్రిళ్ళు మందు వేసి టేపు అంటిస్తాను. పెళ్ళిళ్ళలో ఫోటోకు రమ్మంటే ఆమె పక్కకు తప్పుకుంటుంది. ఇది నాకు గుండెకోత.

భయపడకండి, ఇది అరుదైన జబ్బు. ఏడాదికి లక్షమందిలో ఒకరిద్దరికి వస్తుంది. అయినా ఒక్క చెవే తగ్గితే, ఒక్క చెవిలోనే మోతగా ఉంటే ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించుకోండి. రెండు చెవులకూ తేడా కనిపిస్తే ఎమ్మారై గురించి మీరే అడగండి.

బెల్లు కొట్టారు, ముగిస్తున్నాను. ఈమధ్య ఫోన్ చెవి మార్చుకున్నవాళ్ళు డాక్టరు గారిని కలవకుండా ఇంటికి వెళ్ళద్దు. మా ఆవిడ ఎడమ పక్కన గోడ ఉండేలా చూసుకుని ముందు వరసలో కూర్చుంది. ఆమెతో మాట్లాడాలనుకుంటే కుడివైపు నుంచి రండి.