క్రీమ్ చీజ్ ఎందుకు సాగదు?

నమస్కారం. నా ముందున్న రెండు పెనాలలో ఒకదానిలో మోజరెల్లా తురుము, రెండోదానిలో క్రీమ్ చీజ్ ముక్క ఉన్నాయి. రెండింటి కిందా ఒకే సన్నని మంట పెట్టాను. గరిటెతో పైకెత్తితే మోజరెల్లా తీగలు తీగలుగా సాగుతోంది. క్రీమ్ చీజ్ మాత్రం మెత్తబడి జారిపోతోందే తప్ప ఒక్క తీగ కూడా రావడం లేదు. ఈ తేడాకు కారణం తెలిస్తే, ఏ చీజ్‌ను ఏ వంటకు వాడాలో చాలావరకు మనకే తోస్తుంది.

పాలను గట్టిపరచడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది పులుపు. పాలలో లాక్టిక్ ఆమ్లం పెరిగి పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 4.6 దగ్గరికి దిగినప్పుడు, అంతవరకు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా తేలే కేసీన్ అనే మాంసకృత్తు రేణువులు గుమిగూడి గడ్డకడతాయి. అయితే వాటిలోని కాల్షియం చాలావరకు తేటనీటిలో కలిసిపోతుంది. రెండోది రెన్నెట్. ఒకప్పుడు ఎక్కువగా దూడ పొట్ట నుంచి తీసిన, ఇప్పుడు ఎక్కువగా సూక్ష్మజీవుల సాయంతో తయారవుతున్న ఈ ఎంజైము, కేసీన్ రేణువుల పైపొరను కోసి వాటిని దగ్గరకు చేరుస్తుంది. అప్పుడు కాల్షియం లోపలే మిగిలి మాంసకృత్తులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. మోజరెల్లాను వేడినీటిలో పిసికి సాగదీయగలగడం ఆ ముడుల వల్లనే. క్రీమ్ చీజ్ ముఖ్యంగా పులుపుతో పేరుకున్నది కనుక దాని నుంచి తీగలు ఆశించకూడదు.

క్రీమ్ చీజ్ అనే పేరు ఇంగ్లండులో పాతదే. నేడు దుకాణాలలో దొరికే రూపానికి మాత్రం న్యూయార్క్ రాష్ట్రంలోని చెస్టర్ అనే ఊరిని పుట్టినిల్లుగా చెబుతారు. అక్కడి పాల వ్యాపారి విలియం లారెన్స్ 1870లలో, ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతానికి చెందిన నూషాటెల్ చీజ్ పద్ధతికి మరింత మీగడ చేర్చి దీనిని అమ్మకానికి తెచ్చాడు. 1880లో ఒక చీజ్ వ్యాపారి దీనికి ఫిలడెల్ఫియా అనే పేరు పెట్టాడు. సరుకు ఆ నగరంలో తయారైంది కాదు. మేలైన పాల పదార్థాలకు ఆ ప్రాంతానికి ఉన్న పేరును అరువు తెచ్చుకున్నారంతే. వ్యాపార ప్రకటనల తెలివి అప్పటికే బాగా ముదిరిందన్నమాట! అమెరికా నిబంధనల ప్రకారం క్రీమ్ చీజ్‌లో కనీసం 33 శాతం పాలకొవ్వు ఉండాలి, తేమ 55 శాతం మించకూడదు.

ఇక వాడకం. చీజ్‌కేక్ చేసేటప్పుడు క్రీమ్ చీజ్‌ను ముందుగానే ఫ్రిజ్ నుంచి తీసి గది వేడికి రానివ్వాలి. చల్లటి ముక్కను చక్కెరతో కలిపితే ఉండలు మిగులుతాయి, గుడ్లు పోసిన తరువాత అవి ఎంత గిలక్కొట్టినా విడవవు. గుడ్లను చివర వేసి, అవి కలిసేంతవరకే తిప్పాలి. అతిగా గిలక్కొడితే గాలి చేరి, కేక్ ఓవెన్‌లో పొంగి, చల్లారాక పగులుతుంది. నడిభాగం ఇంకా కొద్దిగా వణుకుతుండగానే ఓవెన్ ఆపేయాలి. నా అనుభవంలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: పూర్తిగా గట్టిపడేదాకా ఆగుతారు, తీరా అది పొడిబారుతుంది. సాస్‌లో వేయాలంటే మంట బాగా తగ్గించి, చిన్న ముక్కలుగా వేస్తూ కలపాలి. మరిగిస్తే కొవ్వు, నీరు వేరుపడి సాస్ విరిగినట్లవుతుంది.

రికోటా అనే మెత్తని ఇటాలియన్ చీజ్ మరో దారిలో వస్తుంది. చీజ్ తీసిన తరువాత మిగిలిన తేటను మళ్లీ వేడిచేసి తయారుచేస్తారు. ఇటాలియన్ భాషలో ఆ మాటకు మళ్లీ వండినది అనే అర్థం. అది వేడికి కరగదు కనుక పాస్తా లోపల కూరడానికి బాగా నిలుస్తుంది. పార్మిజానో రెజ్జానో అనే గట్టి ఇటాలియన్ చీజ్‌ను కనీసం 12 నెలలు మాగబెడతారు. దానిని తురిమి, వంట చివర చల్లితే చాలు. దాని గట్టి అంచును పారేయకుండా సూప్‌లో వేసి ఉడికించి, వడ్డించే ముందు తీసేయండి.

ముక్కలుగా దొరికే ప్రాసెస్డ్ చీజ్‌ను చిన్నచూపు చూసేవారున్నారు గానీ, దాని వెనుక ఉన్న ఆలోచన చక్కనిది. 1911లో స్విట్జర్లాండులో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ చీజ్‌ను సోడియం సిట్రేట్‌తో కలిపి కరిగించారు. ఆ లవణం కాల్షియంను లాగేసుకోవడంతో మాంసకృత్తులు ముడులు వీడి కొవ్వును పట్టుకుంటాయి. అందుకే అది వేడిచేస్తే నూనె వదలకుండా నున్నగా కరుగుతుంది. మామూలు చెడ్డార్‌తో సాస్ చేసేటప్పుడు చిటికెడు సోడియం సిట్రేట్ వేసినా ఇదే జరుగుతుంది.

నిల్వ గురించి ఒక్క మాట. క్రీమ్ చీజ్‌ను డీప్ ఫ్రీజర్‌లో పెడితే మంచు స్ఫటికాలు దాని నిర్మాణాన్ని చెదరగొట్టి రవ్వరవ్వగా మారుస్తాయి. రొట్టెపై పూయడానికి అది పనికిరాదు, కేక్ పిండిలో కలపడానికి మాత్రం పనికొస్తుంది. బూజు కనిపిస్తే క్రీమ్ చీజ్ డబ్బా మొత్తం పారేయాలి, ఎందుకంటే తేమ ఎక్కువగా ఉన్న మెత్తని చీజ్‌లో బూజు పోగులు కంటికి కనిపించకుండానే లోపలికి పాకుతాయి. పార్మిజానో వంటి గట్టిదైతే బూజు చుట్టూ, దాని కిందా రెండున్నర సెంటీమీటర్ల మేర కోసేసి, కత్తిని బూజుకు తగలనివ్వకుండా తీసి, మిగిలినది వాడుకోవచ్చు.