మిషిగన్ దెబ్బ నుంచి టైటిల్ దాకా: ఒహాయో స్టేట్ 2024 సీజన్‌పై చర్చ

యాంకర్: నమస్కారం. అమెరికాలోని కొలంబస్‌లో ఉంటున్న మనవాళ్లకు అక్కడి ఒహాయో స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2024 సీజన్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. 2024 నవంబర్ 30న సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 13-10తో ఓడిన ఒహాయో స్టేట్, 2025 జనవరి 20కల్లా జాతీయ ఛాంపియన్ ఎలా అయింది? కోచ్ గారూ, మీరు చెప్పండి.

లైన్ కోచ్: ముందు అఫెన్సివ్ లైన్ చూడాలండీ, అంటే పాస్ వేసేవాడిని కాపాడుతూ, పరుగుకి దారి చేసే ముందు వరస. అక్టోబర్ 12న ఆరెగాన్‌తో 32-31తో ఓడారు. అందరికీ గుర్తున్నది చివరి క్షణం: క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్‌లు వేసే ఆటగాడు, విల్ హవర్డ్ పరుగెత్తి కిందకి జారేసరికి గడియారం సున్నాకి వచ్చేసింది. కానీ అసలు నష్టం అంతకుముందే జరిగింది. లైన్‌లో ఎడమ చివరన ఉండే లెఫ్ట్ టాకిల్ జాష్ సిమన్స్ మోకాలు దెబ్బతిని సీజన్‌కే దూరమయ్యాడు.

యాంకర్: ఆ స్థానం అంత ముఖ్యమా?

లైన్ కోచ్: హవర్డ్ కుడిచేతి వాటం. పాస్ వేసేటప్పుడు ఎడమవైపు నుంచి వచ్చేవాడు అతనికి కనపడడు. తర్వాతి మ్యాచ్‌లో నెబ్రాస్కా మీద 31 సార్లు బంతి పట్టుకుని పరుగెత్తితే వచ్చింది 64 యార్డులే, గెలిచింది 21-17తో. అప్పుడు టాకిల్ పక్కనే ఆడే లెఫ్ట్ గార్డ్ డానవన్ జాక్సన్‌ని టాకిల్‌కి మార్చారు. గార్డ్‌కి రెండు పక్కలా మనిషి ఉంటాడు. టాకిల్‌కి బయటివైపు ఖాళీ. బంతి కదలగానే వెనక్కి, పక్కకి అడుగు వేసి ఎదుటివాడికంటే ముందు ఆ ఖాళీని మూయాలి. ఆ అడుగు పొట్టిదైతే వాడు చుట్టూ తిరిగి వచ్చేస్తాడు, మరీ పొడుగైతే లోపలి నుంచి దూరతాడు. సీజన్ మధ్యలో అది నేర్చుకోవడం మామూలు విషయం కాదు. అయినా పెన్ స్టేట్ మీద 20-13తో గెలిచిన మ్యాచ్‌లో, ఆఖరి 5 నిమిషాల 13 సెకన్లు బంతి వదలకుండా ఆట ముగించింది ఈ లైనే.

విశ్లేషకురాలు: ఆ లైన్‌కే మళ్లీ కొత్త దెబ్బ తగిలిందండీ. నవంబర్‌లో ప్రాక్టీసులో సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్‌కి మడమ వెనక ఉండే అకిలీస్ స్నాయువు తెగింది. సెంటర్ అంటే బంతి అందించేవాడు మాత్రమే కాదు, ఎవరు ఎవర్ని ఆపాలో లైన్‌కి చెప్పేది కూడా అతనే. ఆ పిలుపు తప్పితే ఒక డిఫెండర్ అడ్డులేకుండా వచ్చేస్తాడు. కార్సన్ హింజ్‌మన్ ఆ బాధ్యత తీసుకున్నాడు.

యాంకర్: అయితే మిషిగన్ ఓటమికి కారణం గాయాలేనా?

లైన్ కోచ్: నా దృష్టిలో ప్రధాన కారణం అదే.

విశ్లేషకురాలు: నేను ఒప్పుకోను సర్. లైన్ బలహీనంగా ఉందని తెలిసీ మధ్యలోంచే పరుగెత్తించడం ప్లాన్ తప్పు. మిషిగన్ డిఫెన్స్ మధ్యలో మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్ ఉన్నారు. 26 సార్లు పరుగెత్తితే వచ్చింది 77 యార్డులు. బయట పాస్ అందుకోవడానికి జెరెమయా స్మిత్‌లాంటి రిసీవర్ ఉండగా! హవర్డ్ రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అంటే అతని పాస్‌లు రెండు ఎదుటివాళ్లు పట్టేశారు; స్తంభాల మధ్యకి తన్నే ఫీల్డ్ గోల్స్ రెండు తప్పాయి. అయినా నా దృష్టిలో ఆ మ్యాచ్‌ని పోగొట్టింది మొండితనమే. ఒహాయో స్టేట్ మీద మిషిగన్‌కి ఇది వరసగా నాలుగో విజయం, ఆ బాధ ఒహాయో స్టేట్ కోచ్ రయన్ డేకి టైటిల్‌తో కూడా పూర్తిగా తీరదు.

లైన్ కోచ్: ప్లాన్ విషయంలో మీ మాట కాదనలేను. ఛాంపియన్‌ని తేల్చే నాకౌట్ పోటీల్లో, అంటే ప్లేఆఫ్స్‌లో, వాళ్లు మార్చింది కూడా ఆ ప్లానే.

యాంకర్: ఏం మార్చారు?

విశ్లేషకురాలు: వరస మార్చారు. ముందు పాస్, తర్వాత పరుగు. పన్నెండు జట్ల ప్లేఆఫ్‌కి అది మొదటి ఏడాది కాబట్టి మిషిగన్‌తో ఓడినా ఎనిమిదో సీడ్‌గా చోటు దొరికింది. డిసెంబర్ 21న టెనెసీ మీద మొదటి క్వార్టర్‌లోనే 21-0, చివరికి 42-17. హవర్డ్ 29లో 24 పాస్‌లు పూర్తి చేశాడు. క్వార్టర్ ఫైనల్ అయిన రోజ్ బౌల్‌లో అదే ఆరెగాన్ మీద ఒక దశలో 34-0! లోతుగా పాస్ పడుతుందన్న భయంతో సేఫ్టీలు, అంటే డిఫెన్స్‌లో చివరి కాపలాదారులు, ఇంకా వెనక్కి జరుగుతారు. ముందు మనుషులు తగ్గుతారు, పరుగుకి దారి దొరుకుతుంది.

లైన్ కోచ్: లైన్ మీద భారం కూడా తగ్గుతుంది. సెమీఫైనల్‌లో టెక్సస్ మీద ట్రెవియన్ హెండర్సన్ బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత దాటించిన 75 యార్డుల టచ్‌డౌన్ చూడండి. అది స్క్రీన్ పాస్. దూసుకొచ్చేవాళ్లని కావాలనే లోపలికి వదిలి, వాళ్ల వెనకాల చిన్న పాస్ ఇస్తారు. లైన్‌మెన్ ముందుకెళ్లి దారి చేస్తారు.

యాంకర్: ఆ మ్యాచ్‌లో డిఫెన్స్ కూడా...

లైన్ కోచ్: అవునండీ. గోల్ గీతకి ఒక్క యార్డు దూరంలో టెక్సస్‌కి నాలుగు అవకాశాలు, వాటినే డౌన్‌లు అంటారు. రెండో డౌన్‌లో బంతిని పక్కకి, వెనక్కి విసిరి బయటికి పరుగెత్తించబోయారు. అంత దగ్గర్లో ఉండి బంతిని వెనక్కి తీసుకెళ్తే డిఫెన్స్‌కి సమయం ఇచ్చినట్టే. ఏడు యార్డులు పోయాయి. నాలుగో డౌన్‌లో ఒహాయో స్టేట్ డిఫెండర్ జాక్ సాయర్ టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతి కొట్టేసి 83 యార్డులు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 28-14.

యాంకర్: ఫైనల్‌కి వద్దాం. 31-7 నుంచి నోట్రడామ్ 31-23కి వచ్చేసింది.

విశ్లేషకురాలు: అక్కడే నవంబర్‌కీ జనవరికీ తేడా తెలిసింది. మూడో డౌన్, బంతి నిలుపుకోవాలంటే 11 యార్డులు కావాలి, మూడు నిమిషాలు కూడా లేవు. పరుగెత్తిస్తే గడియారం నడుస్తుంది, కానీ బంతి ఎదుటివాళ్లకి వెళ్తుంది. నోట్రడామ్ ఒత్తిడి పెంచి స్మిత్ మీద ఒక్కడినే ఉంచింది. హవర్డ్ లోతుగా వేశాడు, 56 యార్డులు. మిషిగన్ మీద ఆ ధైర్యం కనపడలేదు. ఆ తర్వాత 33 యార్డుల ఫీల్డ్ గోల్‌తో 34-23 అయింది.