చార్మినార్‌కి నడిచి వెళ్లండి

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్ వచ్చిన చుట్టాలు చార్మినార్ దగ్గర ఆటో దిగుతారు, ఫోటో దిగుతారు, లాడ్ బజార్లో గాజులు కొనుక్కుని వెళ్లిపోతారు. నాకు మనసు ఒప్పదు. ఆ చౌరస్తా మొత్తం చూడాలండీ. చార్మినార్ 1591 నాటిది. దాని నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో పెట్టినవి. ఒకే గోడ మీద మూడు వందల ఏళ్ల తేడా!

ఇక మక్కా మసీదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. చార్మినార్ నుంచి నాలుగడుగులు. గోల్కొండ సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా దీన్ని మొదలుపెట్టాడు. ఆయన పోయాడు, పూర్తి కాలేదు. కొడుకు అబ్దుల్లా ఏలాడు, పూర్తి కాలేదు. తర్వాత అబ్దుల్లా అల్లుడు అబుల్ హసన్ వచ్చాడు. భద్రాచల రామదాసు కథలో మనం వినే తానీషా ఈయనే. అప్పటికీ పూర్తి కాలేదు. 1687లో ఔరంగజేబు గోల్కొండ గెలిచి, తానీషాని దౌలతాబాద్ కోటలో బంధించాడు. రాజ్యమే పోయింది, ఇక మసీదు ఎవరు కడతారు? ఔరంగజేబే కట్టించాడు. 1694లో పూర్తయింది. అదే ఆవరణలో తర్వాతి నిజాముల సమాధులూ ఉన్నాయి. పునాది వేసిన వంశం, ఆ వంశాన్ని ఓడించిన చక్రవర్తి, ఆ తర్వాత ఏలిన నిజాములు, అందరి గుర్తులూ ఒకే ప్రహరీలో. ఎదురుగా ఉన్న యునానీ ఆసుపత్రి ఏడో నిజాం నాటిది. అక్కడ ఇప్పటికీ వైద్యం చేస్తున్నారు. పాత కట్టడం పనిలో ఉంటేనే బతుకుతుందని నా నమ్మకం.

అందుకే ఒక్క మాట అడుగుతాను. ఆటోని చార్మినార్ దాకా తీసుకెళ్లకండి. మదీనా చౌరస్తా దగ్గర దిగి నడవండి. ముందు పత్తర్‌గట్టీ వస్తుంది. 1908 మూసీ వరదల తర్వాత ఊరిని బాగుచేస్తూ కట్టిన రాతి దుకాణాల వరస అది. తర్వాత మచిలీ కమాన్ అనే పెద్ద తోరణం, ఆపైన గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్. అక్కడ నిలబడి చుట్టూ తిరిగి చూడండి, నాలుగు దిక్కులా నాలుగు కమాన్లూ కనిపిస్తాయి. అప్పుడు చార్మినార్‌కి వెళ్లండి. ఇరవయ్యో శతాబ్దం నుంచి పదహారో శతాబ్దానికి నడిచే వెళ్లిపోవచ్చు.

పొద్దున్నే వెళ్తే మంచిది. దుకాణాలు తెరిచాక ఆ రద్దీలో తలెత్తి చూసే వీలుండదు. శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజుకి వేలమంది వస్తారు కాబట్టి మసీదు చూడటానికి మరో రోజు పెట్టుకోండి.