తల్లెవరో ఆకునే అడుగుదాం

శ్రోతలకు నమస్కారం.

హుజూరాబాద్, జమ్మికుంట వైపు వరి పూతకొచ్చిన రోజుల్లో, పొద్దెక్కాక పొలాల పక్కన వెళ్ళినవాళ్ళు ఈ పని చూసే ఉంటారు. ఇద్దరు మనుషులు చెరో గట్టు మీద నిలబడి, మడికి అడ్డంగా తాడు పట్టి లాగుతుంటారు. తాడు తగిలి మగ సాళ్ళ నుంచి పుప్పొడి దుమ్ములా లేచి ఆడ సాళ్ళ మీద పడుతుంది. మనం ఆడ-మగ వరి అంటాం. విత్తనం ఆడ సాళ్ళ నుంచే తీస్తారు. కాబట్టి ఆ గింజకు తల్లెవరో, తండ్రెవరో రైతుకు ముందే తెలుసు.

మరి తాడు లాగేవాళ్ళు లేని చోట? అసలు సాళ్ళే లేని చోట? అక్కడ తల్లెవరు?

కాళేశ్వరం, ఏటూరునాగారం మీదుగా పారే మన గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి మడ అడవి ఉంది. ఉప్పునీటి బురదలో, ఊడల్లాంటి వేళ్ళ మీద నిలబడే చెట్లవి. వాటిలో రైజోఫోరా జాతి చెట్లను అక్కడివాళ్ళు పొన్న అంటారు. వీటి గింజ తల్లి చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, మునక్కాయలా వేలాడి, తర్వాత నీళ్ళలోకి రాలుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను.

ఈ చెట్ల పుప్పొడిని ఎక్కువగా గాలే మోస్తుంది. రెండు దగ్గరి జాతులు పక్కపక్కన ఉంటే ఒకదాని పుప్పొడి ఇంకోదాని పువ్వు మీద పడుతుంది. అలా మనిషి చేయి పడకుండానే సంకరం పుడుతుంది.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ తమిళనాడులోని పిచ్చావరం, చిదంబరం దగ్గర. అక్కడ రైజోఫోరా ఎపిక్యులాటా, రైజోఫోరా మ్యూక్రొనాటా రెండూ పెరుగుతాయి. వాటి మధ్య రెండింటికీ పూర్తిగా సరిపోలని చెట్లు కొన్ని కనిపించాయి. పుప్పొడి చాలా వరకు పనికిరానిది, కాయలు అరుదు. సంకరమేనన్న అనుమానం వచ్చింది. మొదట్లో రూపం చూసి దాన్ని లామార్కీ అన్నారు. ఆ పేరు ఎపిక్యులాటాకూ స్టైలోసా అనే జాతికీ పుట్టిన సంకరానిది. కానీ పిచ్చావరంలో స్టైలోసా లేదే! మరి అది ఎవరి బిడ్డ?

1997లో చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ చెట్టు డీఎన్ఏను, అక్కడి రెండు జాతుల డీఎన్ఏను పక్కపక్కన పెట్టి జన్యు గుర్తులు పోల్చారు. జన్యు గుర్తు అంటే డీఎన్ఏలో ఒక జాతిలో ఉండి ఇంకో జాతిలో లేని తేడా. డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ అనే మెత్తటి పలక మీద అది గీతలా కనిపిస్తుంది. సంకరం చెట్టులో ఎపిక్యులాటా గీతలూ ఉన్నాయి, మ్యూక్రొనాటా గీతలూ ఉన్నాయి. రూపం చెప్పలేని మాటను గీతలు చెప్పాయి. తర్వాత 1999లో ఆ చెట్టుకు రైజోఫోరా అన్నమలయానా అని సంకర జాతి పేరు వచ్చింది.

తల్లిదండ్రులిద్దరూ దొరికారు, సరే. వాళ్ళలో తల్లెవరు? దీనికి మరో దారి ఉంది. ఆకులో పచ్చదనాన్ని మోసే హరితరేణువులకు సొంత డీఎన్ఏ ఉంటుంది. చాలా పూల మొక్కల్లో అది తల్లి నుంచే బిడ్డకు వస్తుంది, పుప్పొడి ద్వారా రాదు. కాబట్టి సంకరం చెట్టు హరితరేణువుల డీఎన్ఏ ఏ జాతితో కలిస్తే, ఆ జాతే తల్లి. మన రైతు సాలు చూసి చెప్పే మాటను ఇక్కడ ఆకు చెబుతుంది.

ఇప్పుడు మైక్రోశాటిలైట్ గుర్తులు, అంటే డీఎన్ఏలో ఒక చిన్న ముక్క మళ్ళీ మళ్ళీ వచ్చే చోట్లు, వాడుతున్నారు. వాటితో ఆ చెట్టు మొదటి తరం సంకరమా, లేక మళ్ళీ తల్లితోనో తండ్రితోనో కలిసిన తరమా అన్నది కూడా తేలుతుంది. కాయలు సరిగా కాయని సంకరాన్ని విత్తనంతో పెంచలేం. అది మళ్ళీ పుట్టాలంటే రెండు జాతులూ అక్కడే బతికి ఉండాలి. సంకరాన్ని కాపాడాలంటే ముందు దాని తల్లిదండ్రులను కాపాడాలని నేను గట్టిగా నమ్ముతాను.

వరంగల్ నుంచి కోరంగి చూడటానికి వెళ్ళే బోటనీ విద్యార్థులకు ఒక్క మాట. అటవీ శాఖ అనుమతి ఉంటేనే ఆకు తెంపండి. మడ ఆకు మందం, నీరు ఎక్కువ, ఊరికే సంచిలో వేస్తే డీఎన్ఏ పాడవుతుంది. లేత ఆకు తీసుకుని తుడిచి, ముక్కలు చేసి, కాగితపు కవర్లో పెట్టి, తేమను పీల్చే సిలికా జెల్ గింజలున్న డబ్బాలో వేయండి. ఆకు బరువుకు పది రెట్లు సిలికా జెల్ ఉండాలి. నీలి రంగు జెల్ గింజలు తేమ పట్టి గులాబీ రంగుకు మారితే వెంటనే కొత్తవి వేయండి. అనుమానం ఉన్న చెట్టు ఆకు ఒక్కటే తెస్తే పోల్చడానికి ఏమీ ఉండదు. పక్కనున్న రెండు జాతుల ఆకులూ తేవాలి. కవర్ మీద పేరు పెన్సిల్‌తోనే రాయండి. పడవలో నీళ్ళు చిందితే పెన్ను రాత నిలవదు.