కుట్టిన అన్నవాహికకు యాసిడ్ మందు: పరీక్షించకుండా ఎంతకాలం?

వేదిక మీది పెద్దలకు, పాడేరు నుంచి, పలాస నుంచి పిల్లల్ని ఎత్తుకుని విశాఖ దాకా వచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం. శాలువాలు తర్వాత. ముందు మందు సంగతి.

సుమారు 3,500 కాన్పుల్లో ఒక బిడ్డ అన్నవాహిక మధ్యలో తెగిపోయి పుడుతుంది. చాలామందిలో కింది ముక్క గాలిగొట్టంలోకి తెరుచుకుని ఉంటుంది. 1941లో అమెరికాలో కామెరాన్ హైట్ రెండు కొసలనూ నేరుగా కలిపి కుట్టి బిడ్డను దక్కించారు. ఇవాళ ఆపరేషన్ తర్వాత పెద్ద బెడద కుట్టు దగ్గర వచ్చే ఇరుకు. పైకి తన్నే యాసిడే దానికి కారణమనుకుని, యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్ రాస్తాం. 2016లో యూరప్, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘాలు మొదటి ఏడాదంతా ఇవ్వమన్నాయి. ఆ సిఫారసుల్లో చాలావరకు నిపుణుల అభిప్రాయం మీద నిలిచినవే. కొసల మధ్య దూరం ఎక్కువైనా, కుట్టు మీద లాగుడు పడినా, లీకైనా ఇరుకు వస్తుంది. అక్కడ ఈ మందు ఏం చేస్తుంది?

తేల్చాలంటే చీటీ వేసినట్టు సగంమందికి మందు, సగంమందికి ప్లాసిబో, అంటే చూడటానికి అలాగే ఉండి మందు లేనిది, ఇచ్చి చూడాలి. ఇరుకు 40 శాతం నుంచి 25 శాతానికి తగ్గుతుందా అని చూడటానికే సుమారు 300 మంది పిల్లలు కావాలి. ఒక్క ఆసుపత్రి వల్ల కాదు. అదలా ఉంచండి, అంతకన్నా ముందు తేలాల్సింది మందు పొట్టలోకి సరిగా చేరుతోందా అన్నది.

నర్సమ్మలూ, ఇది మీకే. క్యాప్సూల్ విప్పి, లోపలి పూసలు నూరి, ఉగ్గుగిన్నెలో పాలతో కలిపి పట్టకండి. ఆ పూసల పైపూతే మందుకు రక్ష. నూరితే పొట్టలోని యాసిడ్‌కే మందు చెడిపోతుంది. నూరకుండా సన్నటి ట్యూబులో పోస్తే పూసలు అడ్డంపడతాయి. అందుకే ఫార్మసీలో 8.4 శాతం సోడియం బైకార్బొనేట్‌లో మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున కలుపుతారు. కిలోకు 1 మిల్లీగ్రాము లెక్కన 3 కిలోల బిడ్డకు 1.5 మిల్లీలీటర్లు, పాలకు అరగంట ముందు. సీసా ఫ్రిజ్‌లో ఉండాలి. కరెంటు నిలకడలేని ఏజెన్సీ ఊరికి ఆ సీసా ఇచ్చి పంపేస్తే సరిపోతుందా?

పరీక్షకు మెలిక కూడా ఇక్కడే. బైకార్బొనేట్ తానే యాసిడ్‌ను విరిచేస్తుంది. ప్లాసిబోలోనూ అదే పోస్తే రెండు గుంపులకూ యాసిడ్ మందు ఇచ్చినట్టే. పోయకపోతే రుచిని బట్టి ఏది ఏదో తెలిసిపోతుంది. బైకార్బొనేట్ అక్కర్లేని, పూత చెడకుండా పసివాళ్లకు పట్టగలిగే మందు రూపం ముందు ఎంచుకోవాలి.

పైకి తన్నడాన్ని కొలవడంలోనూ జాగ్రత్త కావాలి. పాలు తాగాక గంటా రెండు గంటలు పొట్టలో యాసిడ్ విరిగి ఉంటుంది. ఆ వేళ పాలు పైకి తన్నినా, అన్నవాహికలో పెట్టి యాసిడ్‌ను మాత్రమే పసిగట్టే పీహెచ్ తీగకు చిక్కదు. యాసిడ్ ఉన్నా లేకున్నా పైకి వచ్చేదాన్ని పసిగట్టే ఇంపీడెన్స్ కూడా ఉన్న తీగ 24 గంటలు ఉంచాలి, కొస ఎక్కడుందో ఎక్స్‌రేలో చూసుకోవాలి. ఈ మందు యాసిడ్‌ను తగ్గిస్తుందే గాని పాలు పైకి రావడాన్ని ఆపదు. యాసిడ్ తగ్గినచోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకే న్యుమోనియా, విరేచనాలు కూడా లెక్క రాయాలి.

డాక్టర్లూ, డిశ్చార్జ్ కాగితంలో 'మందు కొనసాగించండి' అని వదిలేయకండి. ఎప్పుడు తిరిగి చూస్తారో, ఎప్పుడు ఆపుతారో తేదీ వేయండి. బరువు పెరిగిన ప్రతిసారీ మోతాదు మళ్లీ లెక్కకట్టండి.

అమ్మలూ, మీ అంతట మీరు మందు మానేయకండి. మందు పడుతున్నా బిడ్డకు పాలు తాగుతూ పొలమారినా, నురగ కక్కినా, రంగు నీలంగా మారినా అది ఇరుకు కావచ్చు. సోమవారం ఓపీ దాకా ఆగకుండా ఆ రాత్రికే ఆసుపత్రికి తీసుకురండి.