రెండు లైన్ల సర్టిఫికెట్

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న డాక్టర్లకు, లాయర్లకు నమస్కారం. పరిచయాలు పూర్తయ్యేసరికే నాకిచ్చిన టైములో సగం అయిపోయింది కాబట్టి, నా వంతు మర్యాదలు ఇంతటితో సరి.

ఆహ్వానంలో నా అంశం "వైద్య, న్యాయ రంగాల సమన్వయం" అని వేశారు. పెద్ద మాట. నేను నిజానికి వచ్చింది ఒక సర్టిఫికెట్ గురించి చెప్పడానికి. నేను రాసిందే. అందులో రెండే లైన్లు. "ఇతను మూర్ఛ రోగి. మా వద్ద క్రమం తప్పకుండా చికిత్స పొందుతున్నాడు." కింద సంతకం, స్టాంపు. సెలవులకనీ ఉద్యోగాలకనీ ఇలాంటివి ఎన్ని రాశానో లెక్కలేదు. ఇదొక్కటే నన్ను వదలడం లేదు.

నా పేషెంటు ముప్పై దాటని కుర్రాడు. అతనికి వచ్చేవి అందరూ అనుకునే రకం ఫిట్స్ కావు. కింద పడి కొట్టుకోడు, నోట్లో నురగ రాదు. చూపు ఒకచోట నిలిచిపోతుంది. పెదాలు చప్పరిస్తాడు, చొక్కా గుండీలు తడుముకుంటాడు. ఆ తర్వాత కొన్ని నిమిషాలు ఎక్కడున్నాడో తెలియదు. అప్పుడు ఎవరైనా గట్టిగా పట్టుకుంటే విదిలించుకుంటాడు, తోసేస్తాడు. మెదడులో కణతల వైపు ఉండే టెంపోరల్ లోబ్ నుంచి వచ్చే ఫిట్స్‌లో ఇలా జరగడం మాకు తెలిసిన సంగతే. ఒకరోజు బస్సులో అలా అయింది. తాగాడనుకుని ఇద్దరు పట్టుకున్నారు. ఆ తోపులాటలో ఒక పెద్దాయన మెట్ల మీంచి పడి తుంటి విరిగింది. కేసు పెట్టారు, రిమాండ్‌కు పంపారు.

అతని తరఫు లాయరమ్మ నా ఓపీకి వచ్చింది. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన అమ్మాయి. గంటన్నర బయట కూర్చోబెట్టాను. పని ఎక్కువై కాదు, కావాలనే. దాచడం ఎందుకు, నల్లకోటు కనిపిస్తే మా డాక్టర్లకు ముందు గుర్తొచ్చేది మా మీద పడే కేసులే. లోపలికి రాగానే "సార్, ఒక సర్టిఫికెట్ కావాలి" అంది. రాసిచ్చాను. రెండు నిమిషాల పని. ఏం అడగాలో ఆమెకు తెలియలేదు, ఏం చెప్పాలో నాకు తెలియలేదు. అడగాల్సింది, చెప్పాల్సింది ఏదో ఉందన్న అనుమానం కూడా ఇద్దరికీ రాలేదు.

తర్వాత సమన్లు వచ్చాయి, బోనెక్కాను. అవతలి లాయరుగారు ఒకే ప్రశ్న అడిగారు. "క్రమం తప్పకుండా చికిత్స అంటే, ఫిట్స్ అదుపులో ఉన్నట్టే కదా డాక్టరుగారూ?" "సాధారణంగా ఉంటాయండి" అన్నాను. ఆయన కూర్చున్నారు. ఇక అడగాల్సిన అవసరం ఆయనకు లేదు మరి.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఆ గొడవకు తొమ్మిది రోజుల ముందు అతని ఓపీ పుస్తకంలో మా జూనియర్ డాక్టరు రాసిన నాలుగు ముక్కలున్నాయి. మాత్రలు అయిపోయి నాలుగు రోజులైందనీ, ఈలోగా రెండుసార్లు ఫిట్స్ వచ్చాయనీ. దాని కింద నా సంతకమే ఉంది. క్రమం తప్పకుండా అన్న మాట నేను చేతి అలవాటుగా రాసేశాను. ఆ పేజీ మాత్రం కోర్టు గడప తొక్కలేదు.

లాయర్ మిత్రులకు తెలిసిన కథే అయినా, మా వాళ్ల కోసం ఒకటి చెప్తాను. 1843లో లండన్‌లో మెక్‌నాటన్ అనే అతను, ప్రధాని రాబర్ట్ పీల్ అనుకుని ఆయన కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమ్మండ్‌ను కాల్చాడు. ప్రభుత్వం తనను వెంటాడుతోందన్న భ్రమ అతనిది. అతని తరఫున వాదించిన కాక్‌బర్న్ ఏం చేశారో చూడండి. అంతకు అయిదేళ్ల ముందు అమెరికాలో ఐజాక్ రే అనే డాక్టరు మతిభ్రమణం గురించి, చట్టం గురించి రాసిన పుస్తకం చదువుకుని కోర్టుకు వెళ్లారు. అందులోంచి వినిపించారు. డాక్టర్ల చేత చెప్పించారు. ముద్దాయి శిక్ష తప్పి ఆస్పత్రికి వెళ్లాడు. దాని మీద గొడవ లేచాక జడ్జీలు చెప్పిన సూత్రమే ఇవాళ్టికీ చాలా దేశాల చట్టాల్లో ఉంది. మన పాత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్, ఇప్పటి న్యాయ సంహితలో 22వ సెక్షన్ ఆ దారిలోవే. చేస్తున్న పని ఏమిటో, అది తప్పో కాదో తెలుసుకునే స్థితి ఆ క్షణంలో ఉందా అన్నదే ప్రశ్న. జబ్బు ఉందా అని కాదు. ఆ క్షణంలో ఆ తెలివి ఉందా అని! అతను మూర్ఛ రోగి అని నేను రాశాను చూడండి, అది అసలు ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మతిభ్రమణం అని మనం ఒకే మాట వాడతాం, అర్థాలు వేరు. ఇంగ్లండ్‌లో 1973లో క్విక్ కేసు. షుగర్ ఉన్న నర్సు ఇన్సులిన్ తీసుకుని, సరిగా తినక, పైగా మద్యం తాగి, షుగర్ పడిపోయిన స్థితిలో ఒక రోగిని కొట్టాడు. ఆ స్థితికి కారణం బయటి నుంచి వచ్చిన ఇన్సులిన్ కాబట్టి ఇది మతిభ్రమణం కాదంది అప్పీలు కోర్టు, శిక్ష కొట్టేసింది. 1989లో హెన్నెసీ కేసు. ఇతను ఇన్సులిన్ మానేశాడు, షుగర్ పెరిగింది. కారణం లోపలి జబ్బే కాబట్టి చట్టం దృష్టిలో ఇది మతిభ్రమణం కిందికే వస్తుందన్నారు. జబ్బు అదే. మా డాక్టర్లకిది వింతగా ఉంటుంది, నవ్వొస్తుంది కూడా. నవ్వేసి ఊరుకుంటే మాత్రం, ఇన్సులిన్ ఎన్ని గంటలకు తీసుకున్నాడన్న చిన్న వివరం మీదే కేసు నడుస్తుందని మాకెలా తెలుస్తుంది? కేస్ షీట్‌లో టైము రాయని డాక్టర్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో చేతులెత్తమనను. నా చెయ్యే ముందు లేస్తుంది.

మూర్ఛ కేసు కూడా ఒకటుంది, సలివన్‌ది, 1980ల మొదట్లో. ఫిట్స్ దశలో తెలియకుండా తన్నాడని డాక్టర్లు చెప్పారు. అయితే అది మతిభ్రమణం కిందికే వస్తుందన్నారు జడ్జీ. అప్పట్లో ఆ ముద్ర పడితే ఆస్పత్రిలో నిర్బంధం తప్పదు. దాంతో ఆయన నేరం ఒప్పేసుకున్నాడు. మా కుర్రాడూ చివరికి అదే చేశాడు. వాయిదాలు తిరగలేక ఒప్పుకున్నాడు. అప్పటికే లోపలున్న రోజులే శిక్ష కింద సరిపోయాయి. ఉద్యోగం పోయింది.

ఏదో చెప్తూ ఎటో వెళ్లిపోయాను. మాత్రల సంగతి చెప్పాలి, అది అన్నిటికంటే ముఖ్యం. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆగిపోతే ఆగకుండా ఫిట్స్ రావచ్చు, ప్రాణం పోవచ్చు. మా కుర్రాణ్ని జైల్లోకి తీసుకెళ్లిన రాత్రి మాత్రల మాట ఎవరూ అడగలేదు. మూడో రోజున స్పృహ లేకుండా ఆస్పత్రికి తెచ్చారు. బయట దొరికే స్థాయి వైద్యమే లోపలా అందాలని ఐక్యరాజ్యసమితి 2015లో ఖైదీల కోసం ఆమోదించిన మండేలా నియమాలు చెబుతున్నాయి. చెబుతున్నాయి, సరే. మొదటి రాత్రి ఆ మాట చెప్పే అవకాశం ఎవరికుంటుంది? లాయరుకే. అయ్యా, అమ్మా, బెయిలు కాగితం కంటే ముందు "నువ్వు రోజూ ఏం మందులు వేసుకుంటావు?" అని అడగండి. మా నంబరు తీసుకుని ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా చేయండి. విసుక్కుంటాం, అయినా చెప్తాం.

మా మీద పెట్టుకోకూడని ఆశ కూడా ఒకటుంది. మేం మీ పక్షం సాక్షులం కాము. మూర్ఛలో మనిషి పథకం వేసుకుని, వెతుక్కుంటూ వెళ్లి ఎవరినీ కొట్టడు. అలాంటి కేసు తెస్తే ఇది ఫిట్స్ పని కాదనే చెప్తాం. రోగి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఫైలు కూడా చూపించం. కోర్టు ఆదేశిస్తే అది వేరు.

1993లో బోస్టన్‌లోని ఒక ఆస్పత్రిలో పిల్లల డాక్టర్లు లాయర్లను తమతో పాటే కూర్చోబెట్టుకున్నారు. బూజు పట్టిన ఇళ్ల వల్ల పిల్లలకు ఆయాసం మళ్లీ మళ్లీ వస్తుంటే, ఇంటి యజమానికి నోటీసు రాసే మనిషి కావాలనిపించింది వాళ్లకు. అక్కడ నేరాల గొడవ లేదు. నాకు నచ్చింది, లాయరు ఆస్పత్రిలోనే ఉండటం. మా దగ్గర వారానికి ఒక పూట అలా ఒక కుర్చీ వేయిస్తే చాలు, గంటన్నర బయట కూర్చోబెట్టే నాలాంటివాళ్లకు ఆ అవకాశమే ఉండదు.

విడుదలయ్యాక ఆ కుర్రాడు అదే ఓపీ పుస్తకంతో వచ్చాడు. కొత్త పేజీ తీసి పెట్టి, "సార్, ఆ పెద్దాయన్ని నేను నిజంగా తోశానా?" అని అడిగాడు. అతనికి ఏదీ గుర్తులేదు. గుర్తులేని దాన్ని కోర్టులో ఒప్పుకున్నాడు. తోశావు, కానీ నీకు తెలియదు అన్నాను. "ఈ మాట అక్కడ చెప్పలేదేం సార్?" అన్నాడు. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

అధ్యక్షులు చీటీ పంపారు. ఇది రెండోది. అర నిమిషం. లాయరు డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకొచ్చాను. చివరి ఫిట్స్ ఎప్పుడు, చివరి మాత్ర ఎప్పుడు, ఆ పేజీ ఏది, అలాంటివే. వెనక్కి పంపించండి. డాక్టర్లూ, మీరూ తీసుకోండి, ఆ ప్రశ్నలు మిమ్మల్నే అడుగుతారు. ఆఖరి వరుసకు అందాయా? అక్కడ లేవా? ఉండండి, నా దగ్గర ఇంకో కట్ట ఉంది.